బ్యాటరీ కొట్టు తెలుగు

మా తోడల్లుడు పోయిన కబురు నాకు మా అమ్మాయి చెప్పింది. ఆఫీసులో ఫైలు ముందేసుకుని కూర్చుని ఉండగా సెల్‌ఫోన్ మోగింది. "పాపా, పెదనాన్న ఎల్లిపోనాడు" అంది. ఢిల్లీ పిల్ల కదా, నాన్నను పాపా అనే అంటుంది. ఆ తర్వాత ఏడుపు తప్ప ఏమీ వినపడలేదు. మనిషి పోయాడన్న సంగతి నా బుర్రకెక్కే లోపలే ఇంకో సంగతి ఎక్కింది. నా కూతురు నాతో తెలుగులో మాట్లాడింది. అదీ నా తెలుగు కాదు, ఆయన తెలుగు. ఆ క్షణంలో పోయిన మనిషి మీద నాకు కలిగింది ఈర్ష్య. దాచుకోవడం ఎందుకు? బతికున్నన్నాళ్ళూ ఆయన మీద నాకున్నది అదే.

మా మామగారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం మీద ఢిల్లీ వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. కూతుళ్ళిద్దరూ కరోల్ బాగ్‌లో పెరిగారు. వాళ్ళ తెలుగులో సగానికి పైగా హిందీయే. పెద్దల్లుడు శ్రీకాకుళం వైపు మనిషి. సైన్యంలో బండ్లు బాగుచేసే విభాగంలో పనిచేసి, కంటోన్మెంటులో రిటైరై, ఘాజియాబాద్‌లో లారీలు ఆగే రోడ్డు మీద బ్యాటరీల కొట్టు పెట్టుకున్నాడు. డ్రైవర్లందరికీ ఆయన ఫౌజీ సాబ్. చిన్నల్లుణ్ణి నేను. అనంతపురం వాణ్ణి, సాకేత్ పక్కన ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉంటాను. నేను ఎవరికీ ఏ సాబ్‌నూ కాను.

ఆయనకూ మా వదినకూ పిల్లల్లేరు. మా అమ్మాయి చిన్నతనంలో, ఒక వేసవి సెలవులకు వదిన తీసుకెళ్తానంటే పంపించాం. అప్పటికి మా పిల్లకు తెలుగు అర్థమయ్యేది, నోట్లోంచి మాత్రం వచ్చేది కాదు. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేది. ఢిల్లీలో తెలుగువాళ్ళ పిల్లలందరూ అంతే కదా అని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి. సెలవులయ్యాక తీసుకురావడానికి వెళ్ళి, కొట్టు బయట నిలబడి చూశాను. పిల్ల చేతిలో గాజు గొట్టం ఉంది, దాని నెత్తిన రబ్బరు బుడ్డి. బ్యాటరీలోని ద్రవాన్ని అందులోకి పీల్చి చూస్తే లోపలి పుల్ల పైకి తేలుతుంది లేదా మునుగుతుంది. తేలితే బ్యాటరీలో సత్తువ ఉన్నట్టు, మునిగితే లేనట్టు.

"ఏటే గుంటా, తేల్నాదా ములిగినాదా?"

"డూబ్ గయా, పెదనాన్నా."

"ఈ బేటరీకి హిందీ రాదే. మిలట్రీలో నా కాడ పనిసేసినాది. తెలుగులో సెప్పు, ఇంటాది."

"ములిగినాది."

"ఆఁ, ఇన్నాది సూడు!"

పిల్ల కిలకిలా నవ్వింది. నేను అచ్చులూ హల్లులూ గోడకు అంటించి ఏళ్ళ తరబడి సాధించలేనిది, ఆ మనిషి ఒక చచ్చుబడ్డ బ్యాటరీతో సాధించాడు. లోపలికి వెళ్ళి నమస్కారం పెట్టాను గానీ నా మొహం ఎలా ఉందో నాకు తెలుసు.

ఆయన వినయశీలి అని నేను రాస్తే ఘాజియాబాద్ డ్రైవర్లు నవ్వుతారు. గొంతు పెద్దది, గొప్పలు ఇంకా పెద్దవి. హోలీ దాటేదాకా సైన్యం స్వెట్టరు విప్పేవాడు కాదు. లారీ వస్తే బానెట్టు వైపు పోకుండా, రెండు కళ్ళూ మూసుకుని "సెల్ఫ్ మారో" అనేవాడు. స్టార్టు చేసేటప్పుడు వచ్చే ఆ మోతను వింటూనే తల అడ్డంగా ఊపేవాడు. బండి ఎన్నాళ్ళు కదలకుండా నిలబడింది, నిలబడ్డప్పుడు పాటలు పెట్టుకున్నారా, నీళ్ళెవరు పోశారు అని ఒక్కొక్కటే అడిగేవాడు. కుళాయి నీళ్ళు పోశానన్నవాడికి తిట్లు పడేవి. నీళ్ళు తగ్గాయని యాసిడ్ పోసినవాడికి ఇంకా ఎక్కువ పడేవి. లోపలి పలకలు తినేస్తుందిరా అని ఆయన తెలుగులో అరిస్తే పంజాబీ డ్రైవరు బుద్ధిగా తలూపేవాడు.

లారీ బ్యాటరీ మూడేళ్ళు నడిస్తే సరిపెట్టుకోవాలనేవాడు. నాలుగేళ్ళు నడిస్తే ఆ డ్రైవరును పిలిచి టీ ఇప్పించేవాడు. మూడేళ్ళు దాటిన బ్యాటరీని మాత్రం దీపావళి లోపు తన దగ్గరకు తెచ్చి చూపించి తీరాలి. పక్కలు ఉబ్బినా, సెల్ఫ్ బద్ధకంగా తిరిగినా, రాత్రంతా ఛార్జి పెట్టాక కూడా పొద్దుటికి మళ్ళీ నీరసపడినా ఇంక మార్చెయ్యమనేవాడు. గుంతల్లో అదిరిపోకుండా బ్యాటరీని బిగించే పట్టీ వదులుగా కనిపిస్తే, అడక్కుండానే తనే బిగించేవాడు. ఇవన్నీ నాకెలా తెలుసంటారా? మా అమ్మాయి అన్నం తింటూ చెప్పేది. బడిలో ఏం జరిగిందో అడిగితే మాత్రం "కుఛ్ నహీఁ" అనేది.

ఒక రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఒక సర్దార్జీ వచ్చి, "ఫౌజీ సాబ్, ఏక్ హీ బదల్ దో, దూసరీ ఠీక్ హై" అన్నాడు, ఒక్కటి మారిస్తే చాలట. లారీకి రెండు బ్యాటరీలు ఉంటాయి. ఒకదానికొకటి తగిలించి, రెండింటి బలమూ కలిపితేనే అంత పెద్ద ఇంజను కదులుతుంది. ఆయన ఒప్పుకోలేదు. "జోడీ హై, జోడీ హీ బదలేగీ" అన్నాడు. సర్దార్జీ బతిమాలాడు, కోప్పడ్డాడు, వెళ్ళిపోతానన్నాడు. ఈయన కదల్లేదు. మా అమ్మాయి వైపు తిరిగి, "కొత్తదాన్ని పాతదాని పక్కనెడితే ఏటవుతాదే?" అన్నాడు.

"పాతది కొత్తదాన్ని లాగేస్తాది."

"మరి! మీ నాన్నా నానూ లేమేటి? మాంగారి బండికి రెండు బేటరీలం."

"అందులో పాతదేది పెదనాన్నా?"

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "సెల్ఫ్ కొట్టి సూస్తే తెలుస్తాది" అన్నాడు. అర్థం కాకపోయినా సర్దార్జీ కూడా నవ్వాడు. రెండూ మార్పించుకునే వెళ్ళాడు. నేను నవ్వలేదు. నా కూతురు నోట అంత పెద్ద తెలుగు వాక్యం నేను మొదటిసారి విన్నది అప్పుడే, అది నాకు చెప్పిన వాక్యం కాదు.

ఇంట్లో నేనూ పట్టు వదల్లేదు. ఆదివారాలు కూర్చోబెట్టి మాట్లాడించేవాణ్ణి, తప్పు మాట్లాడితే దిద్దేవాణ్ణి. దిద్దకపోతే తండ్రినెందుకవుతాను? ఒకసారి పెళ్ళికి బయల్దేరుతూ, "టైమైంది, ఇంక పోవల్ల" అన్నాను. పిల్ల జడ వేసుకుంటూ ఆగింది.

"పాపా, పోవల్ల గలత్ హై. పెదనాన్న ఎల్లాల బోల్తే హైఁ."

మా ఆవిడ పకపకా నవ్వింది. మా నాన్న, మా తాత, వాళ్ళ నాన్న మాట్లాడిన మాట నా సొంత ఇంట్లో తప్పయిపోయింది. 

ఆయన తప్పు చేసిన రోజు ఒకటి ఉంది, దాన్ని వదిలిపెట్టి ఈ స్మృతి రాయలేను. మే నెలలో నా కారు బ్యాటరీ చూసి, ఇంకో ఏడాదికి ఢోకా లేదన్నాడు. జనవరిలో పొగమంచు పట్టిన ఒక పొద్దున, ఇంటిముందు బండి కిక్కురుమనలేదు. నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు. ఆఫీసుకు ఆలస్యమైనా సరే ముందు ఫోన్ చేశాను. "అన్నగారూ, మీరు బాగుందన్న బ్యాటరీ పడుకుంది" అన్నాను.

"ఎండల్లోనే దాని పని అయిపోనాది తమ్ముడూ. సలేసినాక మనకి తెల్సినాది, అంతే."

"మీరు ఎండల్లోనే కదా చూశారు?"

"నాను సూసినాక అయిపోనాది."

తప్పొప్పుకోవడం ఆ మనిషి జాతకంలో లేదు. అయినా రెండు గంటల్లో స్కూటరు మీద కొత్త బ్యాటరీ పెట్టుకుని, ఆ మంచులో సాకేత్ దాకా వచ్చాడు. బిగించి, టీ తాగి, మా అమ్మాయితో కబుర్లాడి వెళ్ళాడు. నాతో మాట్లాడింది తక్కువే.

ఆ మరుసటి ఎండాకాలం మా అమ్మ అనంతపురం నుంచి వచ్చి మా దగ్గర ఉంది. ఆమెకు హిందీ ఒక్క ముక్క రాదు. పిల్లతో ఎలా నెగ్గుకొస్తుందోనని నేను బెంగపడ్డాను. రెండో రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇద్దరూ వంటింట్లో చింతపండు పిక్కలు తీస్తూ ఊళ్ళో సంగతులన్నీ మాట్లాడుకుంటున్నారు. "ఇదేందిరా, నా మనవరాలు యా ఊరి మాట మాట్లాడతాంది?" అని అమ్మ నన్నడిగింది. ఆ మాట నచ్చలేదని కాదు, ముచ్చటగా అడిగింది. అమ్మ ఉన్నన్నాళ్ళూ అవ్వా మనవరాలూ ఒకరినొకరు వదల్లేదు. ఆ తర్వాత అమ్మ మళ్ళీ ఢిల్లీ రాలేకపోయింది. పిల్లకు అవ్వ దక్కింది ఆ ఒక్క వేసవే. అది ఆయన పెట్టిన భిక్ష. ఫోన్ చేసి ఆ సంగతి చెప్పాను, పళ్ళు బిగించి చెప్పాను. "అవ్వగారి మాట బలే సొంపుగుంటాది తమ్ముడూ, గుంట నాకు ఇనిపించినాది" అన్నాడు. అక్కడ కూడా నాకంటే ముందే ఉన్నాడు.

ఈ ఏడాది మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తోందని వదిన పోరుతూనే ఉంది. చలికాలం బేరాలు అవనీ, చూపించుకుంటానన్నాడట. ఆ మాట చెప్పి వదిన, "లారీ బ్యాటరీలైతే ముందే తెచ్చి చూపించమని ఊరంతా చాటేవారు" అని కళ్ళు తుడుచుకుంది. హిండన్ నది ఒడ్డున శ్మశానానికి లారీ డ్రైవర్లు వచ్చారు. ఆయన కోసం అంతమంది వస్తారని నాకు తెలియదు. నా కోసం ఎవరొస్తారో లెక్కవేసుకోబోయి మానేశాను.

పెద్దకర్మ అయ్యాక వదిన తాళాలిస్తే, సామాను సర్దడానికి నేనూ అమ్మాయీ కొట్టుకు వెళ్ళాం. షట్టరు ఎత్తగానే ఒక లారీ వచ్చి ఆగింది. డ్రైవరు దూరం నుంచి వచ్చినవాడు, కబురు తెలియదు. అమ్మాయి చెప్పింది. అతను చెవులకు చేతులు తాకించి, బండి పొద్దున్నే కదలడం లేదని నసిగాడు. అమ్మాయి దుపట్టా నడుముకు బిగించి లారీ బ్యాటరీల పెట్టె మూత తీసింది. గాజు గొట్టం పెట్టి రెండు బ్యాటరీలూ చూసింది. సత్తువ ఉంది. తీగలు పట్టే కొసల దగ్గర మాత్రం ఆకుపచ్చగా గడ్డకట్టి ఉంది. కరెంటు దాటనివ్వంది అదేనని, ఇప్పుడే మార్చక్కర్లేదని, శుభ్రం చేస్తే ఈ చలి గడుస్తుందని హిందీలో చెప్పింది.

డ్రైవరు ఆమెను పరకాయించి చూసి, "ఫౌజీ సాబ్ కీ బేటీ హో నా?" అన్నాడు.

అమ్మాయి నా వైపు ఒకసారి చూసింది. "హాఁ జీ" అంది.

కడగడానికి వేడినీళ్ళు కావాలని, నేను స్టౌ మీద నీళ్ళు పెట్టడానికి లోపలికి వెళ్ళాను. ఆ నీళ్ళు కాగే దాకా బయటికి రాలేదు. గిన్నె పట్టుకుని వచ్చేసరికి అమ్మాయి ఆ ఆకుపచ్చ గడ్డను గోటితో గీకుతోంది.

"పాపా, దీన్ని పెదనాన్న చిలుం అంటాడు. మీ ఊళ్ళో ఏటంటారు?"

తెలుగులో అడిగింది, నన్ను అడిగింది. మా ఊరి మాట ఒకటి కావాలని నా కూతురు అడగడం అదే మొదలు. ఆయన ఎరగని మాట, అచ్చంగా అనంతపురం మాట ఒక్కటి దొరికితే చాలని ఎంత వెతుక్కున్నానో. మా అమ్మ పెరట్లో కూర్చుని రాగి చెంబు తోముతూ కనిపించింది గానీ, ఆమె నోట వినిపించింది కూడా అదే మాట.

"చిలుమే" అన్నాను.

"అచ్ఛా... ఆప్ కా భీ వహీ హై" అని, నాదీ అదే మాటని నవ్వి, బ్రష్షు నా చేతికిచ్చింది. తను వంటసోడా చల్లి వేడినీళ్ళు పోసింది, నేను రుద్దాను. పచ్చటి నురగ బుసబుసా పొంగి మా ఇద్దరి వేళ్ళ సందుల్లోంచి కారుతూనే ఉంది.