గిర్ని గల్ల తాళంచెవి

జర ముందుకు జరిగి కూసోండ్రి బిడ్డా, ఆ ఫోన్లు పక్కకు పెట్టుండ్రి. నాది చదువు తక్కువ, నాలుగో తరగతితోనే బడి బందైంది. గని చూసింది, విన్నది మర్శిపోను. గిది మా పిండి గిర్ని ముచ్చట. కరెంటు బిల్లు పెరిగిన ఏడాది మా ఇంట్ల ఎవ్వలను ఎవ్వలు నమ్మలేదు, ఆ ముచ్చట.

మాది కొల్లాపూర్ పోయే బస్సు దారిల ఒక ఊరు. ఇంటి ముందటి అర్రలనే గిర్ని. జొన్నలకు, గోధుమలకు ఒక జత రాళ్లు, మిరపకాయలకు వేరే మిషిను. మా ఆయన మోటరు కాడ, బెల్టు కాడ ఉంటుండె. నేను తూకం కాడ, గల్ల కాడ. గల్ల అంటె పెద్దదేం గాదు, ఒక రేకు డబ్బ, దానికో చిన్న తాళం. తాళంచెవి నా పుస్తెలతాడు పిన్నీసుకు ఏలాడుతుండె.

కరెంటు బిల్లు, బెల్టు, గిరీసు, పంచాయతోళ్ల ఇంటిపన్ను, గిర్ని లైసెన్సు పైసలు, అన్నీ ఆ డబ్బలకెంచే పోవాలె. ఇంట్లకు ఉప్పు, నూనె, అత్త మందుగోలీలు గూడ అండ్లకెంచే. ఇంటి ఖర్చు వేరే, గిర్ని ఖర్చు వేరే అని మేము ఎన్నడు తీయలే. అందుకే ఏది ఏడవోయిందని అడిగితె ఒక్కలతాన గూడ జవాబు లేకుండె.

తెలంగాణ రాకముందు కరెంటు ఎప్పుడొస్తదో తెల్వక మా వాకిట్ల గంపలు, సంచులు వరుసబెట్టి ఉంటుండె. వచ్చినంక కరెంటు నిలకడైంది. ఇంకొన్నేండ్లకు ఫోను పైసలు మొదలైనయి. మా బిడ్డ పండుగకు వచ్చినప్పుడు గోడకు స్కానరు అంటిచ్చి పోయింది. ఫోనుల కొట్టిన పైసలు మా ఆయన బ్యాంకు ఖాతల పడుతుండె, చేతి పైసలు నా డబ్బల పడుతుండె. గిర్ని ఒకటే, గల్లలు రెండైనయి. అప్పటి సంది ఆయన గల్ల మీద నాకు కన్ను, నా గల్ల మీద ఆయనకు కన్ను.

ఆ ఏడాది బిల్లు ఎక్కువొచ్చింది. ఎండకాలం గదా అనుకున్నం. వానలు పడ్డయి, అయినా తగ్గలే. మల్లొచ్చే నెల ఇంకింత పెరిగింది. పెరిగితె పెరిగె, గిరాకి గూడ పెరగాలె గదా? అది తగ్గుతాంది. పక్కూరి గిర్నికి గంపలు పోతున్నయని విన్నం. లైసెన్సు పైసలకు పంచాయతీ నుంచి మనిషొస్తె రెండుసార్లు తిప్పి పంపినం.

ఒకనాడు మా ఆయన బిల్లు కాయితం తూకం మీద పెట్టి అడిగిండు.

"గల్ల పైసలు ఏడవోతున్నయే?"

"నన్నడుగుతవేంది? ఫోను పైసలు నీ తాననే గదా."

"ఫోనుల ఎంత పడ్డది మెసేజి వస్తది. నీ డబ్బకు మెసేజి లేదు."

అత్త గడప మీద కూసోని అంతా ఇంటాంది. "నీ తమ్ముడు ఇల్లు కడుతుండంట గదా?" అన్నది నా దిక్కు చూడకుండ. ఆ ఒక్క మాట చాలదా?

నిజమే, నా తమ్ముడు ఇల్లు కట్టుకుంటాండు. వాని కష్టం వానిది. నేను తల్లిగారింటికి పోతె ఓ టిఫిన్ల జొన్నపిండి తీసుకపోతుంటి, గంతే. ఆ మాట పడ్డ సంది అత్త నా సంచి దిక్కు చూసుడు పెట్టింది. నేను కొంగు సర్దుకున్నా, సబ్బు కొనుక్కున్నా ఆమె కండ్లు నా చేతుల మీదనే.

నేను ఊకుంటినా? నేను మా మరిదిని అనుమానపడ్డ. ఆయన ఇల్లు మా ఎనక గోడకు ఆనుకోనే ఉంటది. ఆ ఏడాదే సల్లటి సీసాలు అమ్మెతందుకు పెద్ద ఫ్రిజ్జు తెచ్చిండు. గోడ అవుతల అది రోజంత గుర్రుమంటాంది. గోడల నుంచి మా వైరు గుంజుకున్నడని నాకు పక్కా అనిపిచ్చింది. పగటీలి అందరు పండుకున్నంక చప్పుడు చేయకుండ మా మెయిన్ స్విచ్చి దించి గోడకు చెవి పెట్టిన. ఫ్రిజ్జు ఆగలే. గుర్రుమంటనే ఉన్నది, అంటె అది మా కరెంటు గాదు. గింతల ఎనక నుంచి మరిది పెండ్లాం గొంతు, నా యారాలు.

"అక్కా, గోడ ఏమన్న చెప్తాందా?"

నాకు మొఖం ఏడ పెట్టుకోవాల్నో తెల్వలే. "బల్లి చప్పుడైతె చూస్తున్న" అన్న. ఆమె నవ్వలే. మెయిన్ దిక్కు చూసి, నా దిక్కు చూసి పోయింది. ఆనాటి సంది వాళ్ల తలుపు మా దిక్కు తెరుసుకోలే.

లైన్‌మెన్‌ను పిలిస్తె ఆయనది ఇంకో అనుమానం. "ఎవ్వలకన్నా వైరు ఇచ్చిండ్రా అమ్మా? నిజం చెప్పుండ్రి, నేనేం రాసుకోను." అన్నీ బంద్ చేపిచ్చి మీటరు మీది ఎర్ర లైటు చూపిచ్చిండు. అది మిణుకుతలేదు. "మీటరు మంచిగున్నది, ఎవ్వలు గుంజుకుంటలేరు. మీరే కాలుస్తున్నరు" అని చాయ తాగి పోయిండు. మీరే అంటె ఎవ్వలు? మా ఆయన మల్లా నా దిక్కే చూసిండు.

ఆ మల్లొచ్చే అంగడి దినం వాకిట్ల నలుగురైదుగురు గిరాకి ఉన్నరు. ఒకామెకు చిల్లర ఇద్దామని డబ్బ తెరిచిన. మా ఆయన బెల్టు కాడికెంచి వచ్చి చెయ్యి చాపిండు.

"ఆ తాళంచెవి ఇటియ్యి."

"చిల్లర ఇచ్చినంక ఇస్త."

"ఇప్పుడే ఇయ్యి. ఇగ గల్ల నేనే చూస్త."

అందరి ముందట పిన్నీసు ఇప్పి ఇచ్చిన. చిల్లర కోసం నిలబడ్డామె నేల చూపులు చూసింది. ఇరవై ఏండ్లకెల్లి తూకం కాడ కూసున్న నేను ఆ పొద్దు దొంగనైన. గంతటితోని ఆగలే. మోటరు, రాళ్లు అమ్మేస్తనన్నడు. పట్నంల వాచ్‌మెన్ పని చూసుకున్నడంట, కొనెటాయన వచ్చేవారం వస్తడంట. గిర్ని పోతదనే బాధ ఒక దిక్కు. గిట్ల దొంగతనం నా మీద ఉండంగనే పోతే, ఇగ అది నా మీదికెంచి ఎన్నడు పోతది?

రెండు రోజులు గాలే, మా వాడకట్టు అవ్వ ఒకామె జొన్నల గంప దించి నా మీద ఒర్రింది.

"నా జొన్నలు మార్చిండ్రా ఏంది? మొన్నటి పిండి పెనం మీద ముక్కలు ముక్కలైంది. రొట్టె సాగుతలేదు. నా కోడలు నవ్వుతాంది నన్ను చూసి!"

"మార్చుడేంది అవ్వా? నీ ముందటనే పోస్త, చూడు."

ఆమె కదలకుండ గంప కాడనే నిలబడ్డది. జొన్నలు పోసినం. మోటరు మూలుగుతాంది, పిండి నిదానంగ రాలుతాంది. అవ్వ పిండి రాలె డబ్బల చెయ్యి పెట్టి గబుక్కున తీసింది.

"అమ్మో! పొయ్యి మీదికెంచి దించినట్టున్నదేందే?"

నేను గూడ చెయ్యి పెట్టిన. చురుక్కుమన్నది. అప్పుడు నాకు మా తల్లిగారింటి ఇసుర్రాయి యాదికొచ్చింది. రాయి నున్నగైన నాడు గంటసేపు ఇసిరినా ఇంత పిండి రాకుండె, చేతులు గుంజుతుండె, వచ్చిన పిండి ఎచ్చగుంటుండె. మా అమ్మ చూసి "రాయి అరిగిందే" అని, ఉలితోని గాట్లు కొట్టెటాయనను పిలిపిస్తుండె. ఆడ గుంజింది చేతులు. ఈడ గుంజేది కరెంటు.

"ఏమయ్యా, రాళ్లు కొట్టిచ్చి ఎన్నొద్దులాయె?" అని అడిగిన.

మా ఆయన బెల్టు దిక్కు చూసిండు. "కొట్టెటోడు కూలి ఎక్కువ అడిగిండు. ఒకరోజు గిర్ని బంద్ పెట్టాలె. దండుగ ఖర్చని మాన్పిచ్చిన."

"నాకు చెప్పినవా?"

"ఖర్చు తగ్గిస్తె గూడ చెప్పాల్నా?"

అవ్వ గంప ఎత్తుకుంట, "మంచిగ తగ్గిచ్చినవు కొడకా, నా రొట్టెలు గూడ తగ్గినయి" అన్నది.

రాయి లేపాలంటె ఒక్కనితోని కాదు. మరిదిని పిలవాలె. మా ఆయన నన్నే పంపిండు. యారాలు తలుపు సగం తీసి, "మెయిన్ దించి వచ్చినవా, ఎక్కిచ్చి వచ్చినవా అక్కా?" అన్నది. ఆ మాట పడ్డ. పడక ఏం చేయాలె? మరిది మాత్రం భుజాన తువ్వాల ఏసుకోని వచ్చిండు. అన్నదమ్ములిద్దరు గడ్డపారలేసి రాయి తిప్పిండ్రు. ఒక్క గాటు లేదు. అన్నం తినె పళ్లెం లెక్క నున్నగున్నది. అత్త గూడ లేచొచ్చి అరచేయితోని రాసి చూసింది. నా దిక్కు మాత్రం చూడలే.

ఉలి ఆయన వచ్చి దినమంతా కొట్టిండు. మరునాడు మోటరు మూలుగు తగ్గింది, పిండి సల్లగ రాలింది. కొనెటాయన ఆ పొద్దే వచ్చిండు, మోటరు సుట్టు తిరిగి చూసుకోవట్టిండు. మా ఆయన పిండి దులుపుకోని, "అమ్ముతలేం, చాయ తాగి పోండ్రి" అన్నడు. ఆ మల్లొచ్చిన నెల బిల్లు నేనే ముందుగల చదివిచ్చుకున్న, తగ్గింది.

తాళంచెవి మాత్రం నా చేతికి ఇయ్యలే. తూకం మీది గోడ మొలకు తగిలేసిండు, నేనే తీసుకుంటనని. నేను ముట్టలే. అందరి ముందట గుంజుకున్నది, ఎవ్వలు లేనప్పుడు మొలకు తగిలేస్తె చెల్లుతదా? అంగడి నాడు వాకిలి నిండ గిరాకి. ఆయన ఒక దిక్కు బెల్టు, ఒక దిక్కు చిల్లర, చెమటలు కారుతున్నయి.

"జర చిల్లర ఇయ్యరాదే!"

"గల్ల నువ్వే చూస్తనంటివి గదా?"

అందరు ఇంటున్నరు. ఆనాడు నేల చూపులు చూసినామె గూడ ఆడనే ఉన్నది. ఆయన మొలకెంచి చెవి తీసి, పిండి చేతులతోనే నా అరచేతిల పెట్టి, "నీదే, పట్టు. నాదే తప్పు" అన్నడు, మోటరు చప్పుడుల గూడ ఇనొచ్చేటట్టు. నేను పిన్నీసుకు పెట్టుకోని చిల్లర లెక్కపెట్టిన.

అత్త పోయేదాంక నా సంచి దిక్కు చూసుడు మానలే. నేను గూడ మా ఆయన ఫోను మోగితె చెవి అటే ఏస్త. గా ఏడాది అంటుకున్న గుణం గంత జల్ది పోతదా? గని గిర్ని ఖర్చుకు డబ్బల రేకు ముక్క అడ్డం పెట్టి వేరే ఖానా చేసిన, రాళ్ల కూలి అందులనే పడుతది. దాన్ని ముట్టేటందుకు ఇద్దరం ఒకరికొకరం చెప్పాలె.

మీ ఇండ్లు సల్లగుండాలె బిడ్డా. మీ గల్లలు నిండుగుండాలె, పెనం మీద మీ రొట్టెలు పూరి లెక్క పొంగాలె. ఆలుమొగలు ఒకరి చేతులు ఒకరు చూసుకునే దినం మీ గడపల రాకుండాలె.