రిజిస్ట్రారుగారి కోటు చేతులు మారిన వైనం

ఆ అమ్మాయిని విశ్వవిద్యాలయంలో అందరూ సంచి అనేవారు. మొదటి ఏడాది మొదటిరోజున పాత కర్టెన్లతో తనే కుట్టుకున్న ఇంత పెద్ద సంచి భుజాన వేసుకుని క్లాసుకొచ్చింది. అది రెండు బల్లల మధ్య ఇరుక్కుపోతే లెక్చరరు పాఠం ఆపి తనూ ఒక చెయ్యేసి లాగాల్సొచ్చింది. ఆ రోజు నుంచి అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

చదివేది రసాయనశాస్త్రం. బట్టలకి రంగులద్దే ఫ్యాక్టరీలు నదుల్లోకి ఏమేం వదులుతాయో రెండో ఏడాదిలో ఒక పాఠం విన్నప్పట్నుంచీ ఆమె మనసు మనసులో లేదు. కొత్త చొక్కా వేసుకున్నవాళ్ళు ఎవరెదురైనా "ఇది మీకు నిజంగా అవసరమా?" అని నిలదీసేది. పుట్టినరోజు పిల్లని కూడా వదల్లేదు. దాంతో ఆమె కారిడార్లో వస్తోందంటే చాలు, జనం గోడవైపు తిరిగి నోటీసుబోర్డు చదవడం మొదలుపెట్టేవారు. బోర్డు మీద ఏమీ లేని రోజుల్లో కూడా శ్రద్ధగా చదివేవారు.

అలాంటి పిల్ల 'మళ్ళీ తొడుగు' అని ఒక విద్యార్థి సంఘం పెట్టింది. ఉన్న బట్టలే బాగుచేసుకుని, ఒకరివొకరు మార్చుకుని తొడుక్కోవాలన్నది ఆశయం. గదుల పంపకంలో వాళ్ళకి మెట్లకింద అర దక్కింది. అందులో నిలబడితే తల తగిలేది కాబట్టి సభలన్నీ కింద కూర్చునే జరిగేవి. సభ్యులు ఎంతమందని అడిగితే సంచి మాట మార్చేది. ఒకడు ఆమె క్లాసువాడు, పొడుగు అంటారు, పాపం ఆ అరలో అందరికంటే కష్టాలు పడ్డవాడు వాడే. ఇంకో అమ్మాయి అందాల పోటీల సంఘం అనుకుని చేరింది. మరొకడు బిస్కెట్ల వాసన పట్టుకుని లోపలికొచ్చి, సిగ్గుకొద్దీ సంతకం పెట్టాడు.

ఇంట్లో ఆమెకి ప్రతిపక్షం అమ్మమ్మ. ఆవిడకి కొత్త బట్టలంటే ప్రాణం, అందులోనూ తళతళ మెరిసేవంటే మరీను. మెరవని గుడ్డ ఆవిడ లెక్కలో మసిగుడ్డ కిందే జమ. మనవరాలు పాతబట్టల గొప్పతనం ఎత్తుకున్నప్పుడల్లా ఒకటే సమాధానం చెప్పేది. "నేను పుట్టిందగ్గర్నుంచీ మా అక్కలు విడిచినవే తొడిగానే. ఆ గౌన్లలో నడుస్తుంటే కాళ్ళు కూడా వాళ్ళవేమో అనిపించేది. ఇక నన్నొదిలెయ్."

మూడో ఏడాదిలో సంచి ధైర్యం చేసి బట్టల మార్పిడి మేళా పెట్టింది. ఒకటి తెచ్చి ఇచ్చినవాళ్ళు ఒకటి పట్టుకెళ్ళొచ్చు. అంతకుముందు సభ్యుల మధ్య జరిగిన చిన్న మార్పిడిలో పొడుగు తన స్వెట్టరు ఇచ్చేసి, మర్నాడు దానికోసం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అందుకని ఈసారి హాలు గోడమీద ఎర్రరంగుతో బారెడేసి అక్షరాల్లో రాయించింది: 'పట్టుకెళ్ళింది పట్టుకెళ్ళినట్టే. తిరిగి అడగరాదు.'

ముఖ్య అతిథి రిజిస్ట్రారుగారు. ఆయన్ని పిలవడానికి కారణం ఆయన కోటు. ఎండైనా వానైనా అదే గోధుమరంగు కోటు. ఆయన దాంతోనే నిద్రపోతాడా, విప్పుతాడా అని హాస్టల్లో పందేలు జరిగేవి.

మామూలుగా ఆయన ప్రసంగమంటే పరీక్ష ఫీజు ఆఖరి తేదీలే. ఆ రోజు మాత్రం ఏ గాలి సోకిందో, కోటు మీద అందుకున్నాడు. ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళింది ఆ కోటులోనట. పెళ్ళిచూపులకి వెళ్ళిందీ దాంతోనేనట. మోచేతుల దగ్గర ఎన్నిసార్లు చిరిగితే అన్నిసార్లు తోలుముక్కలు వేయించాడట. చెబుతూ చెబుతూ విప్పి, లోపలి నున్నటి గుడ్డ అందరికీ చూపించి, "ఇలాంటిది మళ్ళీ దొరకదు," అంటూ గద్గదస్వరంతో బల్లమీద పెట్టాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు. పొడుగు కళ్ళొత్తుకుంటూ వచ్చి, ఆ కోటుని రెండు చేతులా అందుకుని మార్పిడి బట్టల్లో తగిలించాడు. రిజిస్ట్రారుగారు అది చూడలేదు. వంగి వంగి దండాలు పెడుతున్నాడు. ఆయన చొక్కాకి ముందువైపు మాత్రమే ఇస్త్రీ ఉంటుందన్న సంగతి విశ్వవిద్యాలయానికి తెలిసింది అప్పుడే.

కాసేపటికి ఆయన సంచి పక్కకొచ్చి గొంతు తగ్గించి, "అమ్మాయ్, నా కోటేదీ?" అన్నాడు.

"ఇచ్చేశారు కద సార్."

"చూపించానమ్మా. ఇవ్వలేదు."

 సంచి బట్టల దగ్గరికి పరిగెత్తితే ఖాళీ హ్యాంగరు ఊగుతోంది. ఎవరు పట్టుకెళ్ళారో తెలీదు. ఏం చెయ్యాలో తోచక గోడవైపు చూపించింది. కళ్ళజోడు కోటు జేబులోనే ఉండిపోవడంతో అంత పెద్ద అక్షరాలూ ఆయనకి ఎర్రటి మరకల్లా కనిపించాయి. ఆమే చదివి వినిపించాల్సొచ్చింది. జీవితంలో అంత నెమ్మదిగా ఎప్పుడూ చదవలేదని తర్వాత చెప్పుకుంది.

బయట వాన. నిబంధన ప్రకారం ఆయన ఒకటిచ్చాడు కాబట్టి ఒకటి తీసుకోవచ్చు. ఆయన భుజాలకి పట్టింది అక్కడ ఒక్కటే ఉంది. గులాబీరంగు జాకెట్టు, టోపీకి రెండు కుందేలు చెవులు. ఆయన అది తొడుక్కుని, చెవులు ఊగుతుండగా, పచ్చిక మీదుగా ఎంతో హుందాగా నడిచి వెళ్ళాడు. లైబ్రరీ కిటికీలన్నీ మనుషులతో నిండిపోయాయి.

సంచి కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి చేరేసరికి అమ్మమ్మ అద్దం ముందు నిలబడి ఉంది. ఒంటిమీద రిజిస్ట్రారుగారి కోటు. అదీ తిరగేసి, లోపలి గుడ్డ పైకొచ్చేలా తొడిగింది. మనవరాలు వేదికెక్కుతుంటే చూడాలని చెప్పాపెట్టకుండా వచ్చిందట. వట్టి చేతులతో రానివ్వరేమోనని ఒక దిండు గలీబు పట్టుకొచ్చి ఇచ్చిందట. వెనక వరసలో చెవులు సరిగ్గా వినబడక ప్రసంగం మాత్రం ఒక్క ముక్కా తలకెక్కలేదట.

"చూడవే, ఎలా మెరుస్తోందో. ఇంత మంచి గుడ్డని లోపల దాచి కుట్టినవాడెవడో గాని, బుద్ధిలేనివాడు."

"అమ్మమ్మా, అది రిజిస్ట్రారుగారిది. ఇచ్చెయ్యాలి."

"గోడమీద ఎర్రగా రాయించిందెవరు?"

"నేనే."

"మరి?"

ఎంత బతిమాలినా వినలేదు. జేబుల్లో ఉన్న కళ్ళజోడు, తాళాలు మాత్రం తీసి చేతిలో పెట్టి, ఇవి బట్టలు కావు, పట్టుకుపొమ్మంది.

సంచి వానలోనే ఆయన ఇంటికి వెళ్ళింది. తలుపు తీసిన ఆయన భార్యకి కళ్ళజోడూ తాళాలూ ఇచ్చి, తలొంచుకుని, కోటు ఇక రాదని చెప్పింది. ఆవిడ నిజంగానా అని రెండుసార్లు అడిగి, సంచిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, కుర్చీ వేసి వేడి టీ ఇచ్చింది.

"ఎన్నేళ్ళుగా ప్రయత్నిస్తున్నాననుకున్నావమ్మా. ఒకసారి రైల్లో వదిలేసి దిగిపోయాను. రైలువాళ్ళు ఇంటికి తెచ్చిచ్చారు."

పక్కగదిలో రిజిస్ట్రారుగారు గులాబీ జాకెట్టులోనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. వెచ్చగా ఉందట.

మేళాలో మిగిలిన బట్టలు మెట్లకింద అరకి చేరి, మార్పిడి అక్కడే సాగుతోంది. మర్నాడు పొద్దున్నే ఆవిడ రెండు సూట్‌కేసులతో అక్కడ దిగింది. నిండా భర్త పాతబట్టలే. మధ్యాహ్నానికి ఆయనొచ్చాడు. ఒక టేబుల్‌క్లాత్ ఇచ్చి తన పాత ప్యాంటు ఒకటి విడిపించుకుని వెళ్ళాడు. ఆ మర్నాడు కిటికీ తెర ఇచ్చి చొక్కా. ఇంట్లో బల్లలూ కిటికీలూ బోసిపోవడం చూసి ఆవిడ వచ్చి, ఆ ప్యాంటే తిరిగిచ్చి తన టేబుల్‌క్లాత్ పట్టుకెళ్ళింది. ఈ యుద్ధం చూడ్డానికి పిల్లలు మెట్లమీద బారులు తీరేవారు. ఊరికే నిలబడటం బాగుండదని తలా ఒక బట్ట తెచ్చేవారు. ఒకమ్మాయి కొత్త చొక్కా వేసుకొచ్చి, చేతిలోని పాత ప్యాంటు చూపించి, దీని జిప్పు ఎక్కడ బాగుచేయించాలో చెప్పమంది. సంచి నోటిదాకా వచ్చిన "అవసరమా?"ని మింగేసి, తనే సూది తీసింది.

అలా ఒకరోజు అమ్మమ్మ మనవరాలి కోసమని వచ్చింది, తిరగేసిన కోటుతో. రిజిస్ట్రారుగారు గుర్తుపట్టి రాయిలా నిలబడిపోయాడు. సంచి కళ్ళు మూసుకుంది. ఆయన చాలా మర్యాదగా, ఏం పుచ్చుకుని ఇస్తారమ్మా అని అడిగాడు. అమ్మమ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, ఆ గులాబీ జాకెట్టిస్తే ఆలోచిస్తానంది.

ఆయన టోపీ చెవులు రెండూ చేత్తో పట్టుకున్నాడు. చాలాసేపు ఆలోచించాడు.

"వద్దులెండి," అన్నాడు చివరికి. "ఆ కోటు మీకే బాగుంది."

ఆ సాయంత్రం ఆయన భార్య వచ్చి సూట్‌కేసు మీద కూలబడింది. సంచి టీ పోసిచ్చింది. ఆవిడ ఒక గుక్క తాగి, ఆ కుందేలు జాకెట్టు గుడ్డ ఎన్నాళ్ళుంటుందమ్మా అని అడిగింది.

సంచికి అబద్ధం చెప్పాలనే అనిపించింది. కానీ చదివిన చదువు ఊరుకోలేదు. "అది పాలిస్టరు, ఆంటీ. మనందరం పోయినా అది పోదు."