దొర ఆపేసిన చోట

కుళ్ళాయప్పకు ఇంగ్లీషు రాదు. తెలుగు కూడా కూడబలుక్కుని చదివే బాపతు. అయినా అనంతపురం జిల్లాలో ఆయన చేతి కుట్టు పడని పాత రిజిస్టరు వెతికినా దొరకదు. ఆయన బైండింగు మనిషి. గార్లదిన్నె నుంచి గోరంట్ల దాకా ఏ ఆఫీసులో పుస్తకం వీపు విరిగినా కబురు ఆయనకే వచ్చేది. దబ్బనం, దారం, అట్టముక్కలు సంచిలో వేసుకుని విడపనకల్లు అవతల తన పల్లెలో బస్సెక్కేవాడు. మైదా జిగురు మాత్రం పోయినచోటల్లా తానే కాచుకునేవాడు.

"దేన్నైనా నమ్మొచ్చు గానీ, ఇంగొకరు కాచిన జిగురును నమ్మగూడదప్పా. ఉండలు కడతాది," అనేవాడు.

తొంభై ఎనిమిదిలో ఒక పాత ఆసుపత్రి రికార్డు గదిలో ఆయనకు నెలరోజుల పని దొరికింది. ఆ గదికి గుమాస్తా హనుమంతరాయుడు. రిటైరుమెంటుకు దగ్గరపడ్డవాడు, మధ్యాహ్నం సంగటి తిన్నాక కుర్చీలోనే కునుకు తీయడం హక్కుగా భావించేవాడు. ఆ కునుకును చెడగొట్టింది చెదలు తిన్న ఒక తోలుఅట్ట రిజిస్టరు. అందులో ప్రతి వరుస చివరా ఎర్ర సిరాతో ఒకే మాట. అంత ఓపికగా ఒకే మాట ఎవరు రాశారా అని కుళ్ళాయప్పకు చెయ్యాడలేదు.

"సార్, ఈ ఎర్ర మాట ఏంది సార్?"

హనుమంతరాయుడు విసుక్కుంటూ అద్దాలు పెట్టుకున్నాడు. "సచ్చినాడు అని. ఈ వరుసా సచ్చినాడే. దీని కిందోడూ అంతే. కలరా లెక్క కుళ్ళాయప్పా. నూటముప్పై ఏండ్ల కిందటిది. తెల్లదొర ఒకడు గుడారాలేసి వైద్యం చేసినాడు."

ఇంకేముంది, ఆ రోజు నుంచి ఆ గదిలో మధ్యాహ్నం నిద్ర అనే మాట లేదు. ఒకరు చదవడం, ఒకరు అరవడం. దొర ఒక వారం నల్లమందు ఇచ్చాడు. మరో వారం రసకర్పూరం అనే పాదరసపు మందు. ఆ పై వారం బ్రాందీ. అదీ పారకపోతే చేతికి గాటు పెట్టి నెత్తురు తీశాడు. ఏది పనిచేస్తుందో దొరకూ తెలియదు, కనిపెట్టాలని చూస్తున్నాడు. ఎవరి ఒంటి మీద కనిపెడుతున్నాడో వాళ్లను అడిగినట్టు మాత్రం ఎక్కడా రాయలేదు. మందు ఏదైనా పథ్యం ఒక్కటే. దప్పికని ఎంత మొత్తుకున్నా నీళ్లు ఇవ్వకూడదు, ఇస్తే భేదులు ఇంకా ఎక్కువవుతాయని. వింటూ వింటూ కుళ్ళాయప్ప పళ్లు నూరేవాడు.

ఒకనాడు పేరు కూడా రాయని ఒక బండివాడి వంతు వచ్చింది. అప్పటికే విసిగిపోయిన దొర, ఉప్పు కలిపిన నీళ్లను సన్న గొట్టంతో వాడి నరంలోకే ఎక్కించాడు. చదువుతున్న హనుమంతరాయుడి గొంతు మారింది.

"నాడి దొరికింది. కండ్లు తెరిచినాడు. లేచి కూర్చున్నాడు! ఇంటికి పోతాననినాడు!"

కుళ్ళాయప్ప ఎగిరి లేచాడు. జిగురు గిన్నె తన్నుకుని అంతా ఒలికిపోయింది. "బతికినాడా సార్?"

"మందు పారిందని దొర నీళ్లు ఎక్కించేది ఆడికి ఆపేసినాడంట. సాయంత్రానికి..." హనుమంతరాయుడు ఎర్ర మాట మీద వేలు పెట్టాడు.

"అయ్యో దొరా! పోయేది పోతానే ఉంటే పోసేది ఆపేస్తారా ఎవరన్నా? ఓటికుండలో ఒక్క చెంబు పోసి నిండిందంటారా?" అంటూ కుళ్ళాయప్ప నూటముప్పై ఏళ్ల కిందట పోయిన మనిషితో పోట్లాటకు దిగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పేజీకి మాత్రం రెండు వరుసల కుట్టు వేశాడు.

ఊరికి వచ్చి ఈ కథ చెప్పని అరుగు లేదు. చివరికి భార్య తిప్పమ్మ చేతులు జోడించింది. "తాతల నాడు సచ్చినోనికి ఇప్పుడేడుస్తావేమయ్యా? ఇంట్లో నూకలు ఉండాయో లేవో చూడరాదా?"

మూడేళ్లు గడిచాయి. రెండేళ్లుగా ముఖం చాటేసిన వాన, ఆ ఏడు ఒక్కరోజులో బాకీ తీర్చినట్టు కురిసింది. వంక పొర్లి రోడ్డు తెగింది. బురదనీళ్లు ఊరి మంచినీళ్ల బావిలోకి దిగాయి. వాన వచ్చిందన్న సంబరంలో ఎవరూ పట్టించుకోలేదు. మూడోనాడు పొద్దున్నే నాలుగిళ్లలో వాంతిభేదులు. అందులో ఒకటి కుళ్ళాయప్ప ఇల్లు. కాన్పుకని పుట్టింటికి వచ్చిన కూతురు పుష్పావతి పన్నెండు రోజుల బాలింత. పది గంటలకల్లా ఆమె కళ్లు గుంటలు పడ్డాయి, గొంతు పీలగా మారింది, చేతి చర్మం పట్టి లాగితే లాగినచోటే నిలబడింది.

సర్పంచి ఫోను చేశాడు. వంక తగ్గితేగానీ డాక్టర్లు రాలేరన్నారు.

"మా, నీళ్లు," అంది పుష్పావతి.

తిప్పమ్మ కుండ మీద మూత పెట్టి దానికి అడ్డంగా కూర్చుంది. ఏడుస్తూనే కూర్చుంది. ఆ ఊళ్లో బాలింతకు పూటకు ఒక గ్లాసు కాగిన నీళ్లు, అంతే. అంతకు మించితే శీతం కమ్ముతుందని ఆమె అత్త చెప్పింది. అత్తకు వాళ్ల అత్త చెప్పింది. భేదులైతే ఆ గ్లాసు కూడా లేదు.

"ఇయ్యనయ్యా. తాగేకొద్దీ పోతాది. బిడ్డను సంపుకోమంటావా?"

"దొర గూడా అచ్చం ఇదే చెప్పినాడే! అందరూ సచ్చినారు!" అని అరిచి కుళ్ళాయప్ప పొయ్యి దగ్గరికి ఉరికాడు. ఉప్పు, చక్కెర నీళ్లు తాపమని బడి గోడ మీద రాసింది గుర్తుంది. ఇంట్లో చక్కెర లేదు, బియ్యపు నూక ఉంది. దాన్నే దంచి, చేతికి దొరికిన గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టి, నీళ్ల కోసం కుండ వైపు తిరిగాడు.

"ఆ గిన్నెలోనా!" తిప్పమ్మ కెవ్వుమంది. "పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం విషం కలిపే గిన్నెయ్యా అది! ఇడ్సు, ఇడ్సు!"

కుళ్ళాయప్ప గిన్నెను తీసి వీధిలోకి విసిరేశాడు. తిప్పమ్మ కుండను వదిలి లేచి, వేరే తపేలా తోమి తెచ్చిచ్చింది. ఆ సందులో కుండ ఆయన చేతికి వచ్చింది.

జీవితమంతా జిగురు కాచిన చెయ్యి ఆ రోజు గంజి కాచింది. ఒక్క ఉండ లేదు. కన్నీటికి మించని ఉప్పు వేశాడు. చల్లార్చి, చెంచాతో పోశాడు. పుష్పావతి కక్కుకుంది. కాసేపు ఆగి మళ్లీ పోశాడు. మళ్లీ కక్కింది. మళ్లీ పోశాడు. అలా మధ్యాహ్నం దాటింది. అప్పుడు పుష్పావతి కళ్లు తెరిచి, గోడకానుకుని లేచి కూర్చుంది.

"నాయనా, బిడ్డ యాడ?"

కుళ్ళాయప్పను ఇంక పట్టేవాళ్లు లేరు. చెప్పులైనా లేకుండా వీధిలోకి పరుగెత్తాడు. "మా పుష్పా కండ్లు తెరిచినాది! లేచి కూర్చున్నాది! బిడ్డ యాడ అని..."

వీధి మధ్యలోనే ఆగిపోయాడు. కండ్లు తెరిచినాడు. లేచి కూర్చున్నాడు. ఇంటికి పోతాననినాడు. రిజిస్టరులోనూ ఇవే మాటలు, ఇదే వరుస. ఆ తర్వాతి మాటేమిటో ఆయనకు తెలుసు.

వెనక్కి ఉరికాడు. లోపల తిప్పమ్మ తపేలాకు మూత పెట్టి, మారెమ్మకు మొక్కుకుంటోంది. "ఇంక చాలయ్యా. గుణమైనాది."

"ఈడనే తిప్పా! సరిగ్గా ఈడనే ఆపేసినాడు దొర!"

తిప్పమ్మ ఆయన ముఖంలోకి చూసింది. మూడేళ్లుగా చెవిన పెట్టని కథను ఆ క్షణాన మొదటిసారి విన్నట్టుంది.

"ఆ బండివాని పక్కన... పెండ్లాము గానీ, తల్లి గానీ, ఎవురూ లేకపోయిరా?"

"ఎవురూ లేరు. దొర ఒక్కడే."

ఆమె మూత తీసి పక్కన పడేసింది. చెంచా అందుకుని కూతురి తలను ఒళ్లోకి తీసుకుంది. "నువ్వు గంజి కాస్తా ఉండు. నేను పోస్తా."

పొద్దు వాలేదాకా ఆయన కాస్తూనే ఉన్నాడు, ఆమె పోస్తూనే ఉంది. పుష్పావతికి భేదులు ఆగలేదు, వీళ్లూ ఆపలేదు. మధ్యలో కుళ్ళాయప్ప తక్కిన మూడిళ్లకూ పరుగెత్తి, తిట్టి, బతిమాలి గంజి పెట్టించాడు.

వెలుతురు ఉండగానే వంక తగ్గింది. ట్రాక్టరు మీద డాక్టరమ్మ దిగింది. పుష్పావతి నాడి చూసి, చేతికి సూది పెట్టి, సెలైన్ సీసాను దూలానికి వేలాడదీసింది.

"ఎన్ని సీసాలు ఎక్కిస్తారు మేడమ్?" కుళ్ళాయప్ప అడిగాడు.

"ఎన్ని పడితే అన్ని. పోయినంతా తిరిగి నిండేదాకా."

ఆయన ఆ సీసా వైపే చూస్తూ నిలబడిపోయాడు. అదే ఉప్పునీరు, అదే సన్న గొట్టం. బండివాడికి ఇంకొక్క సీసా, ఆ పై ఇంకొకటి ఎవరైనా ఎక్కించి ఉంటే? చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. అందులో సంతోషమూ ఉంది.

"పొద్దున్నుంచి ఎంత తాగిందమ్మా?" డాక్టరమ్మ అడిగింది.

"తొమ్మిది చెంబులు," అంది తిప్పమ్మ.

గుమ్మం దగ్గర చేరిన పక్కింటి ముసలామె బుగ్గలు నొక్కుకుంది. "బాలింతకా! పూటకొక గ్లాసు గదే లెక్క?"

తిప్పమ్మ చెంచా కింద పెట్టకుండానే తిరిగి చూసింది.

"ఓటికుండకు గ్లాసు లెక్కేందత్తా? పోయినంతా పొయ్యాల్సిందే," అని, పదో చెంబుకు తపేలా పొయ్యి మీద పెట్టమని మొగుడికి చెప్పింది.