బుర్గి పట్టు గౌను

బుర్గి మొహం చూస్తే చర్చి వాకిట్లో కొవ్వొత్తులు అమ్ముకునే మనిషనుకుంటారు. ఆ అమాయకపు మొహమే ఆవిడకి ఉద్యోగం ఇప్పించింది.

ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ దగ్గర ఓ పాత కోట. వచ్చిన జనానికి దాని తోట తిప్పి చూపించడం ఆవిడ పని. ఆ కోట దొర ఎప్పుడో పోయాడు కానీ, అతిథుల్ని ఏడిపించడానికి అతను కట్టించిన ఫౌంటెన్లు మాత్రం ఇంకా ఏడిపిస్తూనే ఉన్నాయి. నీళ్లు తోస్తే చాలు, గోడకున్న ఓ రేకు మొహం కళ్లు తిప్పి నాలుక చాపుతుంది. రాగి కిరీటం నీటిధార మీద లేస్తూ పడుతూ ఆడుతుంది. అన్నిటికన్నా తుంటరిది రాతి బల్ల.

"కూర్చోండమ్మా, కాళ్లు పీకుతున్నాయేమో," అనేది బుర్గి ఎంతో మర్యాదగా. జనం చుట్టూ రాతి పీటల మీద కూర్చోగానే పొద చాటున మీట తిప్పేది. పీటల్లోంచి నీళ్లు చివ్వున లేచేవి. దొరగారి పీటకి ఒక్కదానికే చిల్లు లేదు. కొత్త జంటలు, జడ్జీలు, పాదిరీలు, అందరూ ఆవిడ చేతిలో తడిసినవాళ్లే. కాబోయే మొగుణ్ని కూడా ముందు తడిపి చూసింది; తిట్టకుండా నవ్వాడని పెళ్లికి ఒప్పుకుంది.

తన మీద మాత్రం ముప్ఫై ఏళ్లలో ఒక్క చుక్క పడనివ్వలేదు.

ఉద్యోగం దిగిపోయే రోజు మనిషిని తడిపి పంపడం ఆ తోట పనివాళ్ల ఆనవాయితీ. బుర్గి వంతు రాగానే అందరి ముందూ సవాలు చేసింది. "పట్టు గౌనేసుకొస్తా. పొడిగా గేటు దాటి చూపిస్తా."

"చూద్దాంలేవే," అన్నాడు వీటుస్. మీటల దగ్గర ఆవిడకి జోడీ అతనే.

ఆ రోజు వీటుస్ పొదల్లో నక్కని చోటు లేదు. బుర్గి అడుగు పెట్టిన చోటల్లా ధార లేచేది, ఆవిడ మాత్రం అప్పటికే అక్కడ ఉండేది కాదు. కేకు తినడానికి రాతి బల్ల దగ్గరికి పిలిస్తే వెళ్లి దొరగారి పీట మీదే బాసింపట్టు వేసుక్కూర్చుంది.

"సిగ్గులేదటే, దొర పీటెక్కావు?" అన్నాడు వీటుస్.

"దొరొచ్చి అడిగితే లేస్తా."

సాయంత్రం గేటు దాకా పొడిగానే వచ్చేసింది. వీటుస్ మొహం వాడిపోయింది. "పోవే, నెగ్గావులే."

బుర్గి గేటు మీద చెయ్యేసింది. వెనక రేకు మొహం ఎవరూ లేకపోయినా నాలుక చాపింది. ఇక్కణ్ణించి వెళ్లిన వాళ్లందరూ తడిసే వెళ్లారు, తనొక్కతే సందర్శకురాలిలా పొడిగా పోతోంది. అది ఆవిడకి నచ్చలేదు. గిర్రున వెనక్కి తిరిగొచ్చి చిల్లు ఉన్న పీట మీద కూర్చుంది.

"తిప్పరా, ముసలోడా."

వీటుస్ మీట పట్టుకుని మూలిగాడు. "రావట్లేదే. బిగుసుకుపోయింది."

"ఏనాడైనా నూనె పెట్టి చచ్చావా? జరుగు అవతలికి!"

విసురుగా లేచి వెళ్లి మీట మీదకి వంగింది. ఆవిడ తలకి పైన, పొద వెనక గోడకి ఓ రాగి దుప్పి తల ఉంది. వీటుస్ నెమ్మదిగా కింద పెడలు తొక్కాడు. దుప్పి రెండు కొమ్ముల్లోంచీ ధార వచ్చి సరిగ్గా ఆవిడ మెడ వెనక గౌనులోకి దిగింది.

బుర్గి పెట్టిన కేకకి పావురాలన్నీ లేచిపోయాయి.

"అమ్మో! ఇంత చల్లగా ఉంటాయా ఈ నీళ్లు! ఇన్నేళ్లుగా నాకెవరూ చెప్పలేదేంట్రా?"

"రోజూ అందరూ అరిచి అరిచి చెప్తూనే ఉన్నారు కదే," అన్నాడు వీటుస్, పెడలు మీంచి కాలు తియ్యకుండా.