తూకం గదిలో నా నిఘా

ఆ రోజుల్లో నాకు యంత్రాల మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. యంత్రానికి అబద్ధమాడే అవసరం లేదని, మనిషికి పూట పూటకీ ఉంటుందని ఇరవై మూడేళ్లకే తేల్చేసుకున్నాను (ఆ వయసులో తేల్చుకోని విషయమంటూ ఉండదు కదా). బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం నాది. అక్కడి తూకం గదిలో పొడి బస్తాను కాటా మీద పెడితే, బరువు కేబుల్ గుండా నేరుగా కంప్యూటర్లోకి ఎక్కాలి. చేత్తో రాస్తే చెల్లదు. ఆ బరువు రోజూ మధ్యాహ్నం భోజనాల తర్వాత రావడం మానేసేది. నేను పరుగున వెళ్లి కేబుల్ పీకి మళ్లీ పెడితే వచ్చేది. పీకి పెడితే వస్తోందంటే అంతకుముందు ఎవరో పీకారన్నమాటే కదా. ఆ గది తాళం ఉండేది తూకాలు వేసే అన్న ఒక్కడి దగ్గరే, అందరూ అతన్ని తూకమన్న అనేవారు.

అతనిది జోగిపేట వైపు ఊరు. ఎనిమిదేళ్లుగా కాంట్రాక్టు మీద తూకాలు వేస్తున్నాడు, ఆ నెలలోనే పర్మినెంటు లిస్టు తయారవుతోంది. "మళ్ల బందైంది తమ్మీ, జెర సూడు" అని నింపాదిగా ఫోన్ చేసేవాడు. ఆ నింపాదే నాకు నచ్చేది కాదు. పని ఆగితే అరగంట కూర్చోవచ్చని ఇతనే పీకుతున్నాడని నా లెక్క. "మీరేమైనా ముట్టుకున్నారా అన్నా?" అని పోలీసు గొంతుతో అడిగితే, "నేనెందుకు ముట్టుకుంట తమ్మీ" అని నవ్వేవాడు. నవ్వాడంటే దోషే అనుకున్నాను. (నవ్వకపోయినా అదే అనుకునేవాణ్ణి.)

ఇక నిఘా మొదలుపెట్టాను. కేబుల్ కొసన ఎవరికీ కనపడకుండా నల్లదారం ముడి వేశాను. భోజనాలయ్యాక చూస్తే బరువు ఆగింది, ముడి మాత్రం చెక్కుచెదరలేదు. నా తప్పేమైనా ఉందా అన్న ఆలోచనే రాలేదు. దారం విప్పి మళ్లీ కట్టేంత గడుసువాడు ఈ మనిషి అనిపించి, అనుమానం రెండింతలైంది. తర్వాత మూడు రోజులు భోజనానికి వెళ్లకుండా ఆ కంప్యూటర్ ముందే కూర్చున్నాను. ఊరికే కూర్చుంటే బాగుండదని దాని మీద పేకాట ఆడాను. మూడు రోజులూ బరువు చక్కగా వచ్చింది. నేనుంటే పనిచేస్తోంది, లేకపోతే ఆగుతోంది, ఇంకేం సాక్ష్యం కావాలి? తూకమన్న మీద ఫిర్యాదు కాగితం రాసి ప్రొడక్షన్ సారుకిచ్చాను. ఆయన చదివి, "కళ్లతోని సూసినవా? లిస్టులకెళ్లి పేరు కొట్టేస్తే ఆయన బతుకు ఆగమైతది. రేపొకసారి సూసి చెప్పు" అన్నారు.

మర్నాడు పక్కగది గాజు కిటికీ వెనక నక్కాను. తూకమన్న తాళం వేసి వెళ్లాడు. పది నిమిషాలకు కంప్యూటర్ తెర దానంతటదే నల్లబడింది. పురుగు కూడా లోపలికి రాలేదు. అతను తిరిగొచ్చి, మౌస్ కదిపి, బస్తా పెట్టాడు. కాటా మీద అంకె కనిపిస్తోంది, కంప్యూటర్లో లేదు. నాకు అప్పుడు గుర్తొచ్చింది. పది నిమిషాలు ఎవరూ ముట్టకపోతే కంప్యూటర్లన్నీ నిద్రపోవాలని, కరెంటు ఆదా పేరుతో, చేరిన వారంలోనే మీట నొక్కింది నేనే. కంప్యూటర్ పడుకునే ముందు తనకు తగిలించిన ప్రతి పరికరానికీ కబురు పంపుతుంది. దాన్ని అందుకునేది డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం. తన పరికరం ఏ అమరికలో ఉందో గుర్తుపెట్టుకుని, దానికి కరెంటు తగ్గించి, లేచాక అన్నీ మళ్లీ యథాప్రకారం అమర్చడం దాని పని. మా కేబుల్ డ్రైవర్‌కు పడుకోబెట్టడమే వచ్చు, లేపడం రాదు. పీకి పెడితే పరికరం కొత్తగా వచ్చిందనుకుని మొదటి నుంచీ మొదలుపెట్టేది. మూడు రోజులూ పేకాటతో నేనే దాన్ని నిద్రపోనివ్వలేదు.

సారు దగ్గరికి పరుగెత్తి, తప్పు నాదేనని ఇంకో కాగితం రాసి, మొదటిది చించేశాను. కొత్త డ్రైవర్ తెచ్చి వేసేదాకా ఆ కంప్యూటర్‌ను నిద్రపోనివ్వలేదు. తర్వాత తూకమన్న ముందు నిలబడి జరిగిందంతా చెప్పేశాను. అతను కాటా తుడుస్తూనే అన్నాడు: "తిని వచ్చేసరికి తెర నల్లగుంటది, మౌస్ కదిపితే ఎలుగొస్తది, గప్పటి సంది బరువు రాదు. తెర నల్లగ కాకుంటే మంచిగనే వస్తది. రోజు సూస్తున్న గదా. ముట్టినవా అనే అడిగినవ్ గని, ఏం సూసినవ్ అని ఒక్కనాడన్న అడిగినవా తమ్మీ?"

లిస్టు వచ్చింది, తూకమన్న పేరు అందులో ఉంది. ఆ సంతోషంలో నన్ను ఇంటికి పిలిచి కోడికూరతో భోజనం పెట్టాడు. "నా మీద కంప్లైంటు రాసిన తమ్మి ఈయననే, ఇంకో ముక్క వెయ్యి" అని వాళ్లావిడకు పరిచయం చేస్తే, తల ఎత్తకుండా తిన్నాను. అప్పటి నాలోని కుర్ర డిటెక్టివ్ మీద ఇప్పటికీ కోపం వస్తుంది, కాస్త నవ్వూ వస్తుంది. ఆ ముక్క మాత్రం చాలా రుచిగా ఉంది, సిగ్గుపడుతూనే ఇంకోటి అడిగి వేయించుకున్నాను.