కులం తెలిసే కొట్టాడా?

ఒమాన్‌లోని ఇబ్రిలో నాతోపాటు మేస్త్రీ పని చేసిన దోస్తుది మా ఊరే. ఇద్దరం కలిసే సెలవు మీద ఇంటికి వెళ్లాం. ఒకరోజు కొత్త బండి మీద నన్ను ఎక్కించుకుని ఊళ్లోకి తీసుకెళ్తుంటే, పటేలు కొడుకు వాళ్లింటి ముందు అడ్డం నిలబడ్డాడు. "దిగి నడువు" అన్నాడు దోస్తుతో. దోస్తు దిగలేదు. అతను కర్ర తీసుకుని కొట్టాడు. దోస్తు కుడి మణికట్టు విరిగింది.

ఎస్సీ, ఎస్టీ చట్టం కింద కేసు పెట్టారు. సెలవు అయిపోవడంతో నేను ఒక్కడినే తిరిగొచ్చాను. సాక్ష్యం చెప్పాల్సినప్పుడు, కోర్టు అనుమతితో మస్కట్ వెళ్లి ఎంబసీ గదిలోంచి వీడియోలో చెప్పాను.

ముందురోజు సర్కారు వకీలు ఫోన్ చేశారు. "ఇదివరకు కులం వల్లే కొట్టాడని రుజువు చేయాల్సి వచ్చేది. మనసులో ఏముందో ఎవరు చూపిస్తారు? ఇప్పుడు చట్టం మారింది. కులం తెలిసి కొట్టాడని తేలితే చాలు. నువ్వు చూసిందే చెప్పు, ఒక్క మాట కలపొద్దు."

సాక్ష్యం మధ్యలో వీడియో లైన్ తెగింది, మళ్లీ కలిసింది. దోస్తు బండి పటేలు కొడుకు కారుకు గీసుకుందని, అందుకే గొడవైందని అవతలి వకీలు వాదన.

"కులం పేరు పెట్టి తిట్టాడా?" అని నన్ను అడిగాడు.

"లేదు సార్. తిట్టలె."

తెరమీద వెనక బెంచీలో దోస్తు తల దించుకున్నాడు. కేసు నేనే చెడగొట్టానేమో అనుకున్నాను.

"మరి కులం చూసి కొట్టాడని ఎలా అంటావు?"

"అట్ల నేను అనలె సార్. ఎందుకు కొట్టిండో ఆయనకే ఎరుక. వీని కులం మాత్రం ఆయనకు తెలుసు. ముగ్గురం ఒక్క బడిల చదివినం. వాళ్లింట్ల గోడ కట్టనీకి పోతే నాకు స్టీలు గిలాసల చాయ్ పోసిండు, వీనికి కాగితం కప్పుల పోసిండు. పోసింది ఆయనే."

జడ్జి గారు మళ్లీ చెప్పమన్నారు. చెప్పాను. టైపు చేసుకున్నారు.

కొన్ని నెలల తర్వాత, సైట్ మీద ఉండగా దోస్తు ఫోన్ చేశాడు.

"శిక్ష పడ్డది రా."

"తీర్పుల ఎందుకు కొట్టిండో రాసిండ్రా?"

"రాయలె. నా కులం ఎరికుండే కొట్టిండని రాసిండ్రు. వాళ్లు అప్పీలుకు పోతరట."

సంతోషమే అనిపించింది. చెయ్యి ఎలా ఉందని అడిగాను. పూర్తిగా తిరగడం లేదని, తాపీ పట్టలేకపోతున్నానని చెప్పాడు. కంపెనీ అతని వీసా ఎప్పుడో రద్దు చేసింది. ఇప్పుడు ఆటో నేర్చుకుంటున్నాడట.