నేను వూరు పంపితే వాడు ఊరు అడిగాడు

ఈ రోజు ఒక్క అక్షరం ఆఫీసులో నా పరువు తీసేసింది.

మా కంపెనీ వెబ్‌సైట్‌లో ప్రతి ఉద్యోగికీ ఒక కార్డు ఉంటుంది: ఫొటో, పేరు, సొంతూరు. కార్డు తయారుచేసింది కరీంనగర్ శ్రీకాంత్. దానికి వివరాలు అందించే పేజీ నాది. పేజీ ఒక్కో వివరాన్ని ఏ పేరుతో పంపితే కార్డు అదే పేరుతో అడగాలి, లేదంటే గడి ఖాళీ. ఇద్దరం తెలుగువాళ్లమే కదా అని ఆ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగులోనే పెట్టుకున్నాం.

పొద్దున మా ముదీర్, అదే అరబ్బు మేనేజరు, ముందు తెరిస్తే ఒక్కడికీ ఊరు లేదు.

"అన్నా, ఊరుకు ముందట వి ఎందుకు పెట్టినవ్?" అన్నాడు శ్రీకాంత్.

"మా కాకినాడలో వూరనే అంటాం రా!"

ముదీర్ నవ్వలేదు. "యల్లా, త్వరగా సరిచెయ్యండి" అని లేచి వెళ్లిపోయాడు.

వి తీసేశాను. అందరి ఊళ్లూ టకటకా వచ్చేశాయి. నా కార్డులో మాత్రం మేం పనిచేసే షార్జా అని ఉంది! ఉద్యోగంలో చేరినప్పుడు ఎవరో అలా ఎక్కించేసినట్టున్నారు. దిద్దుదామని కాకినాడ అని కొట్టబోయి ఆగిపోయాను. అక్కడ ఇల్లు అమ్మేశాం, రమ్మనేవాళ్లు లేరు. ఇక్కడేమో వీసా ఉన్నన్నాళ్లే.

మీరైతే ఏం రాసేవారు? నేను ఖాళీగా వదిలేశాను. పొద్దున కార్డు ఖాళీగా చూపించిందే నిజం.